కార్బొరేటర్ పోయిందని బండిని పాత ఇనుముకు వేసే ముందు



ఈసారి పంట గురించి కాదు, బండి గురించి రాస్తాండా. అదీ మనం చేనికి, కాలవ గట్టుకు తిప్పే పాత టూ స్ట్రోక్ బండి గురించి. కొంచెం పొడుగుంటది, ఓపిగ్గా చదవండి. చివరికి మీ డబ్బులే మిగులుతాయి.

మొన్న ఆదివారం ఆళ్లగడ్డలో పని మీద పోయి ఒక మెకానిక్ షెడ్డు కాడ కూర్చున్నా. పక్క ఊరి పిల్లోడు ఒకడు పాత ఎక్సెల్ సూపర్ తోసుకుంటా వచ్చినాడు. చెమటలు కారుతాండాయి. "ఏమైంది అబ్బీ?" అంటే, "కార్బొరేటర్ పోయిందంట పెద్దాయనా. కొత్తది వేయాలని చెప్పినారు. దానికి డబ్బులు పెట్టేదానికంటే పాత ఇనుముకు వేసేది మేలని మా నాయన అంటాండాడు" అన్నాడు.

"బండి ఏం చేస్తది?" అని అడిగినా. "రెండు కిలోమీటర్లు బాగా పోతది, ఆగిపోతది. కాసేపు నిలబెడితే మళ్లీ స్టార్ట్ అయితది" అన్నాడు. ట్యాంకు మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతకు ఉండే గాలి రంధ్రం రేగడి మట్టితో పూడిపోయింది. పెట్రోలు కిందికి దిగాలంటే దాని జాగాలోకి పైనుంచి గాలి పోవాల కదా. రంధ్రం మూసుకుంటే ట్యాంకు గాలికి బిగుసుకొని పెట్రోలు రాదు. పిన్నీసుతో మట్టి తీసినాం. మూడో కిక్కుకు స్టార్ట్ అయింది. పైసా ఖర్చు లేదు.

ఆ పిల్లోడు సంతోషంగా పోయినాడు గానీ నాకు బాధేసింది. ఇట్ల ఎన్ని బండ్లు పాత ఇనుము కొట్లకు పోయినాయో మన ఊర్లల్లో!

నేను చెప్పేది రెండే మాటలు. ఒకటి, కార్బొరేటర్ మార్చడం అన్నిటికంటే చివరి పని, మొదటి పని కాదు. రెండు, మైలేజీ కోసం టూ స్ట్రోక్ బండికి పెట్రోలు తగ్గించి కట్టించొద్దండి. ఈ రెండో మాట నేను పంట పోగొట్టుకొని నేర్చుకున్నది.

పెట్రోలు లీటరు నూరు దాటినాక అందరి మాదిరే నాకూ మైలేజీ పిచ్చి పట్టింది. నాకు తెలిసిన ఒకాయన "కార్బొరేటర్లో సూది కొంచెం దించితే చాలన్నా, లీటరుకు అయిదారు కిలోమీటర్లు ఎక్కువ ఇస్తది" అన్నాడు. నేనే దగ్గరుండి దింపిచ్చినా. అది చాలక ఆయిల్ కూడా తగ్గించినా. పొగ తక్కువ వస్తదిలే అనుకున్నా. నిజంగానే కొన్నాళ్లు మైలేజీ పెరిగింది. అందరికీ గొప్పగా చెప్పుకున్నా.

తర్వాత ఎండలు ముదిరినాయి. వరి పొట్ట మీద ఉంది. మాది కాలవ కింద చివర భూమి. వంతు తప్పితే మళ్లీ ఎప్పుడొస్తదో తెలియదు. ఆ రోజు సాయంత్రం నీళ్ల వంతని వెనక యూరియా బస్తా కట్టుకొని, ముందర పార పెట్టుకొని గట్టు మీద పోతాండా. బండి ముందే వారం నుంచి బరువుకు ఏడుస్తాంది. ఇంజన్లో కిటకిటమని సన్నగా శబ్దం. నేను ఎండకేమోలే అనుకున్నా. సగం దూరం పోయినాక ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. కిక్కు కిందికి దిగలేదు. పిస్టన్ పట్టేసింది.

బండిని తుమ్మచెట్టు కింద వదిలి, బస్తా ఆడనే పెట్టి, పార భుజాన వేసుకొని నడిచినా. పొద్దు మునిగి చాలాసేపయినాక మడి కాడికి చేరుకున్నా. అప్పటికే పైనాయన తూము తిప్పుకున్నాడు. ఆయన తప్పు కాదు, వంతు టైములో నేను లేను. మళ్లీ నీళ్లు వచ్చేసరికి పది రోజులు పట్టింది. రేగడి నెర్రెలు విచ్చింది. ఆ ఏడు ఎకరాకు నాలుగు బస్తాలు తగ్గినాయి. బండికి బోరు కొట్టించి, పిస్టన్, రింగులు వేయించిన ఖర్చు వేరే. లీటరు మీద మిగిలించినదంతా, దాని మీద ఇంకెంతో, ఒక్క సాయంత్రం పోయింది.

ఎందుకట్ల అయిందో తర్వాత ఒక పాత మేస్త్రి నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పినాడు. ఫోర్ స్ట్రోక్ బండికి ఇంజన్ ఆయిల్ కింద విడిగా ఉంటది. పెట్రోలు తగ్గినా ఆయిల్ తగ్గదు. మన ఎక్సెల్ మాదిరి పాత బండ్లల్లో ఆయిల్‌ను పెట్రోల్లోనే కలిపి పోస్తాం. పిస్టన్‌కు, బోరుకు, లోపలి బేరింగులకు తడి తగిలేది ఆ పెట్రోలుతో వచ్చే ఆయిల్ వల్లే. జెట్టులో నలక పడి పెట్రోలు తగ్గినా, మనమే సూది దించి తగ్గించినా, ఆయిల్ కూడా దాంతో పాటే తగ్గిపోతది. పైగా పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే మంట వేడి పెరుగుతది. వేడి పెరిగి, ఆయిల్ తగ్గితే ఇంక ఏముంది? పట్టేస్తది. అందుకే టూ స్ట్రోక్‌లో కార్బొరేటర్ జబ్బును "నడుస్తాంది కదా" అని వదిలేయకూడదు. అది ఇంజన్ మీదికే వస్తది.

ఈ బండ్లు మనకు కొత్తవి కాదు. హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది 1980లో. అప్పటినుంచి పాల క్యాన్లు, గడ్డి మోపులు, ఎరువు బస్తాలు, పిల్లలు, పెద్దోళ్లు అన్నీ దాని మీదే. రాజ్‌దూత్‌లు, యజ్డీలు కూడా చేండ్లకు తిరిగినాయి. 2015లో నాలుగు స్ట్రోకుల ఎక్సెల్ 100 వచ్చింది, పొగ నిబంధనలు గట్టిపడినాక కొత్త టూ స్ట్రోక్ బండ్లు షోరూముల్లో కనపడకుండా పోయినాయి. ఇప్పుడు మన దగ్గర ఉండేవే ఉండేవి. వాటిని చూసే చేతులూ తగ్గిపోతాండాయి. కొత్త పిల్లోళ్లకు పాత కార్బొరేటర్ విప్పే ఓపిక లేదు, మార్చేయడం సులువు. వాళ్లను తిట్టడం లేదు. గంటసేపు కడిగితే మనం యాభై రూపాయలు ఇయ్యడానికి గీచి గీచి బేరమాడుతాం, కొత్త పార్టు వేస్తే నోరు మూసుకొని ఇస్తాం. తప్పు మనది కూడా.

వరి ఆకు పచ్చబడితే మనం ఏం చేస్తాం? తెలియనోడు యూరియా చల్లుతాడు. తెలిసినోడు మడిలో నీళ్లు నిలిచినాయా, జింకు తగ్గిందా, వేరు ఎట్లుందని చూసి చల్లుతాడు. బండి కూడా అంతే. కింద నేను చెప్పే వరసలో చూడండి. ఒక స్క్రూడ్రైవరు, ప్లగ్గు పానా, ఒక గాజు సీసా చాలు. ముందే చెప్తాండా, బీడీ, సిగరెట్టు, పొయ్యి దగ్గర లేకుండా, ఇంజన్ చల్లారినాక, ఆరుబయట చేయండి. పెట్రోలుతో ఆటలొద్దు.

మొదట పెట్రోలు. కార్బొరేటర్‌కు వచ్చే పైపు ఊడదీసి, కాక్ తిప్పి సీసాలోకి పట్టండి. ధార గట్టిగా రావాల. చుక్కలు చుక్కలుగా వస్తే మూత రంధ్రం, కాక్ లోపల జల్లెడ, పైపు చూడండి. ధార బాగుంటే సీసా కాసేపు కదలకుండా పెట్టండి. అడుగున నీళ్లు గానీ, తుప్పు గానీ, మురికి గానీ దిగిందంటే మీ కార్బొరేటర్ ఏ తప్పూ చేయలేదు. ట్యాంకు కడగాల. మనం సీసాల్లో, పాత మందు డబ్బాల్లో పెట్రోలు తెచ్చుకుంటాం చూడండి, సగం రోగాలు ఆడినుంచే.

రెండోది ప్లగ్గు. ప్లగ్గు చూస్తే ఇంజన్ లోపల ఏం జరుగుతాందో తెలుస్తది, ఆకు చూస్తే వేరు సంగతి తెలిసినట్టు. బరువుతో కొంత దూరం నడిపి, ఆపి, చల్లారినాక విప్పి చూడండి. ఇటుక రంగులో గానీ, కాఫీ పొడి రంగులో గానీ ఉంటే అంతా బాగున్నట్టు. నల్లగా, తడిగా, మసిగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతాంది, లేకుంటే ఆయిల్ ఎక్కువ పోసినారు, లేకుంటే ప్లగ్గు సరిగ్గా కాలడం లేదు. సున్నం మాదిరి తెల్లగా ఉంటే మాత్రం బండి ఆపేయండి. పెట్రోలు తక్కువై కాలిపోతాంది. పిస్టన్ పట్టక ముందు నా ప్లగ్గు తెల్లగానే ఉండి ఉంటది. నేను విప్పి చూస్తే కదా!

మూడోది గాలి. మన దారుల్లో ఎండాకాలం దుమ్ము సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్ పూడిపోతే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పడుతది. నల్ల పొగ, బరువు లాగకపోవడం, మైలేజీ పడిపోవడం. కొందరు ఫిల్టర్ తీసి పారేసి నడుపుతారు. అది ఇంకా పెద్ద తప్పు. దుమ్ము నేరుగా బోరులోకి పోయి రింగులను అరగదీస్తది, గాలి ఎక్కువై వేడి కూడా పెరుగుతది. స్పాంజి ఫిల్టర్ అయితే సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, కొంచెం ఆయిల్ రాసి పిండి పెట్టండి.

నాలుగోది సైలెన్సర్. దీన్ని చానామంది మరిచిపోతారు. టూ స్ట్రోక్‌లో ఆయిల్ కూడా కాలుతది కాబట్టి సైలెన్సర్లో, ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే దారిలో మసి గట్టిగా పేరుకుంటది. పొగ బయటికి పోకుంటే కొత్త గాలి లోపలికి రాదు. బండి కార్బొరేటర్ జబ్బు చేసినట్టే ఏడుస్తది. కార్బొరేటర్ రెండుసార్లు మార్చి, చివరికి సైలెన్సర్ మసి గీకితే బాగైన బండి నాకు తెలుసు.

ఇవన్నీ చూసినాక కూడా బాగుకాకపోతే అప్పుడు కార్బొరేటర్ మీద చెయ్యి వేయండి. దానికి ముందు ఒక చిన్న పరీక్ష. బండి తడబడతాండేటప్పుడు చోక్ కొంచెం వేసి చూడండి. చోక్ వేస్తే మెరుగైతే పెట్రోలు చాలడం లేదు. జెట్టులో నలకో, లేకుంటే కార్బొరేటర్‌కు ఇంజన్‌కు మధ్య జాయింటు కాడ గాలి లాగుతాండో ఉంటది. చోక్ వేస్తే ఇంకా చెడితే పెట్రోలు ఎక్కువైతాంది. ఫ్లోట్ సూది సరిగ్గా మూసుకోవడం లేదు, లేకుంటే ఫిల్టర్ పూడిపోయింది. బండి తనంతట తానే రేజ్ అయితాంటే ముందు యాక్సిలరేటర్ కేబులు పట్టేసిందేమో చూడండి. అది బాగుంటే ఏదో ఒక జాయింటు కాడనో, క్రాంకు ఆయిల్ సీలు కాడనో గాలి లాగుతాంది. దాన్ని అట్లనే నడపొద్దు.

కార్బొరేటర్ విప్పేటప్పుడు కింద ఒక తెల్లగుడ్డ పరచండి. చిన్న చిన్న సామాన్లు మట్టిలో పడితే దొరకవు. ఏది యాడ ఉందో ఫోన్లో ఫోటో తీసుకోండి. కింది గిన్నె ఊడదీస్తే అడుగున మురికి, నీళ్ల చుక్కలు, పాత పెట్రోలు జిగురు కనపడతాయి. దాన్ని పెట్రోలుతో కడగండి. ఫ్లోట్‌ను చెవి కాడ పెట్టి ఊపండి. లోపల గలగలమంటే దానికి చిల్లు పడి పెట్రోలు దూరింది, తేలదు, మార్చాల.

జెట్టు మాత్రం జాగ్రత్త. స్ప్రేయర్ నాజిల్ మూసుకుంటే సూది పెట్టి పొడిచేటోళ్లు ఏమయితారో మీకు తెలుసు. రంధ్రం పెద్దదై మందు ధార కట్టి కారుతది, ఆ నాజిల్ ఇంక పనికిరాదు. జెట్టు కూడా అంతే. అది ఇత్తడిది, మెత్తన. ఇనుప తీగ, పిన్నీసు పెట్టి తిప్పితే రంధ్రం పెద్దదయి ఎప్పటికీ పెట్రోలు ఎక్కువే తాగుతది. పెట్రోల్లో నానబెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టండి. వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనపడాల.

సూది పైన చిన్న క్లిప్పు ఉంటది. కొన్ని బండ్ల సూదులకు దాన్ని మార్చుకునేదానికి గాడులు ఉంటాయి. క్లిప్పును పై గాడికి వేస్తే సూది దిగుతది, పెట్రోలు తగ్గుతది. కింది గాడికి వేస్తే సూది లేస్తది, పెట్రోలు పెరుగుతది. మీ బండిలో ఏ గాడిలో ఉందో ముందే రాసి పెట్టుకోండి. మైలేజీ కోసమని దాన్ని ముట్టుకోవద్దు. నా వరి మడి సాక్షి.

ఆయిల్ సంగతి. నా బండికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. మీ బండి పుస్తకంలో ఎంత రాసుంటే అంతే పోయండి. కన్నంచనా వద్దు. పిల్లల దగ్గు మందు సీసాకు వచ్చే కొలత మూత ఒకటి బండి కాడ పెట్టుకోండి. తగ్గితే పట్టేస్తది, పెరిగితే పొగ, మసి. టూ టీ ఆయిల్ కాకుండా మిగిలిన ఇంజన్ ఆయిల్ పోసేటోళ్లు కూడా ఉండారు, అది సరిగ్గా కాలదు, మసి కడతది.

ఇంకొకటి కొత్తగా వచ్చిన సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతాండారు. దానికి మన మొక్కజొన్న, నూకలు, చెరకు పోతాండాయి కాబట్టి రైతుగా నేను వద్దనను. కానీ పాత బండి ఉన్నోళ్లు ఒకటి తెలుసుకోవాల. ఇథనాల్ నీళ్లను లాక్కుంటది. ట్యాంకులోకి వాననీళ్లు దూరినా, సగం ఖాళీ ట్యాంకుతో నెలలు నెలలు నిలబెట్టినా, నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగిపోతాయి, ఆయిల్ కలిసిన పెట్రోలు పైన ఉండిపోతది. కార్బొరేటర్‌కు పోయేది అడుగుది. ఆయిల్ లేనిది పోయి ఇంజన్‌కు ఏమయితదో పైన చెప్పినా. పాత రబ్బరు పైపులు, వాషర్లు కూడా ఇథనాల్‌కు ఉబ్బి, మెత్తబడి ముక్కలు కార్బొరేటర్‌కు పడతాయి. పైపు మార్చేదానికి పెద్ద ఖర్చు కాదు. పెట్రోలు తక్కువ తక్కువ పోయించుకొని తొందరగా వాడుకోండి. నెల పైన బండి తీయకపోతే కాక్ మూసి, గిన్నెలో పెట్రోలు అయిపోయే దాకా ఇంజన్ నడిపి ఆపండి.

ఇదే మాట పవర్ స్ప్రేయర్లకు కూడా. టూ స్ట్రోక్ స్ప్రేయర్ ఉన్నోళ్లు మిరప అయిపోయినాక అట్లనే పెట్రోలుతో మూలన పడేస్తారు. మళ్లీ తీసేసరికి లోపల జిగురు కట్టి ఉంటది. చేనులో పురుగు ఎగబడిన రోజే అది స్టార్ట్ కాదు. అద్దెకు తెచ్చుకునేదానికి ఊరంతా తిరగాల. సీజను చివర అయిదు నిమిషాలు పెట్టి పెట్రోలు ఖాళీ చేస్తే ఆ బాధ లేదు.

"ఈ పొగ బండ్లను ఇంకా ఎందుకు పట్టుకొని వేలాడతావు? కొత్తది కొనుక్కోరాదా" అని మా పిల్లోడే నన్ను అడుగుతాడు. వాడు చెప్పేదాంట్లో నిజం ఉంది. టూ స్ట్రోక్‌లో కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతది, పొగ ఎక్కువ. కొనే స్తోమత ఉన్నోళ్లు నాలుగు స్ట్రోకులదో, కరెంటుదో కొనుక్కోండి, నేను అడ్డం చెప్పను. కానీ మూడెకరాలు, బ్యాంకు అప్పు, పిల్ల చదువు ఉన్నోనికి కొత్త బండి అంటే ఇంకో అప్పు, ఇంకో నెల వాయిదా. ఉన్న బండి మూత రంధ్రంలో మట్టి ఉందని తెలియక ఆ అప్పు చేయడం ఎందుకు? సరిగ్గా చూసుకున్న బండి పొగ కూడా తక్కువ ఇస్తది. రింగులు అరిగిపోయి, బోరు పోయి, ఏడాదికి రెండుసార్లు ఇంజన్ విప్పే స్థితికి వస్తే అప్పుడు వదిలేయండి. అది లెక్క చూసి వదిలేయడం. చూడకుండా వదిలేయడం వేరు.

మెకానిక్ దగ్గరికి పోవద్దని నేను చెప్పడం లేదు. బోరు, సీళ్లు, క్రాంకు మన చేతిలో పని కాదు. కానీ పోయేటప్పుడు "బండి బాగలేదు" అని చెప్పకుండా, "చల్లగా ఉంటే బాగుంది, బరువు వేస్తే ఏడుస్తాంది, చోక్ వేస్తే మెరుగు, ప్లగ్గు తెల్లగా ఉంది" అని చెప్పండి. మంచి మేస్త్రికి సగం పని అయిపోయినట్టే. పక్కన నిలబడి చూడండి. పార్టు మార్చితే పాతది అడిగి తెచ్చుకోండి. కడిగి బాగుచేసినాయనకు పార్టు మార్చినాయనకు ఇచ్చినంత గౌరవంగా కూలీ ఇయ్యండి. అట్లయితేనే కడిగే మేస్త్రులు మన ఆళ్లగడ్డలో, నంద్యాలలో ఇంకొన్నాళ్లు మిగులుతారు.

ఇంట్లో పిల్లోళ్లను, ఆడపిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి ప్లగ్గు విప్పి చూపియ్యండి. మా పాప ఇప్పుడు ప్లగ్గు రంగు చూసి "నాయనా, ఈ వారం ఆయిల్ ఎక్కువ పోసినావు" అని చెప్తది. ఆ రోజు గట్టు మీద నాకు ఆ మాట చెప్పేటోళ్లు ఒకరుంటే నా మడికి వంతు నీళ్లు పారేవి.

రేపు పొద్దున చేనికి పోయే ముందు ట్యాంకు మూత తీసి ఆ రంధ్రం ఒక్కటి చూసుకోండి. దాంట్లోంచి మొదలుపెట్టండి.

నేను రాసిందాంట్లో తప్పుంటే తెలిసినోళ్లు సరిచేయండి. మీ బండికి వచ్చిన జబ్బు, అది ఎట్ల దొరికిందో మీరూ రాయండి. పదిమందికి పనికొస్తది.